మూరెడు వైరు

కర్నూలు డాక్టరమ్మ మాట మధ్యలో తెగిపోయిందని తెలిసిన రోజు నుంచి చెన్నకేశవులుకి అన్నం సయించడం లేదు.

తెగింది ఏ ఊసుపోని కబుర్లో అయితే పోనీలే అనుకునేవాడు. నల్లమల లోపల ఇప్పలబయలు అని ఒక చెంచుగూడెం ఉంది. అక్కడ కరెంటు లేదు, ఫోను టవరూ లేదు. ఒక ధర్మసంస్థ వాళ్ల మందుల వ్యాను ప్రతి గురువారం అక్కడికి వెళ్తుంది. వ్యానులో నర్సు దీవెనమ్మ ఉంటుంది. డాక్టరమ్మ కర్నూలులోనే కూర్చుని, తెర మీద రోగుల్ని చూసి మందులు చెబుతుంది. ఆ తెరకి నెట్టు ఎక్కడో ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి రావాలి. దాన్ని అందుకునే పలకనీ, ఆ పలకకి కరెంటిచ్చే బ్యాటరీనీ వ్యానుకి అమర్చిపెట్టింది చెన్నకేశవులే.

ఆ గురువారం ఈదమ్మ అనే ఆవిడ, మూర్ఛలొచ్చే నాలుగేళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని తెర ముందు కూర్చుంది. డాక్టరమ్మ కొత్త మందు చెప్పింది. ఎంత పోయాలో చెప్పింది. "ఇంక ఆ పాత మందు మాత్రం..." అంది. అంతే, తెర నల్లబడిపోయింది.

పాత మందు ఆపాలా, వేస్తూనే ఉండాలా? దీవెనమ్మకీ తెలియదు. ఆమె ఘాటురోడ్డు దిగి, సిగ్నలు దొరికే చోటు చూసుకుని, డాక్టరమ్మని అడిగి వెనక్కి బయల్దేరేసరికి అడవి గేటు మూసేశారు. పులులు తిరిగే అడవి అది, పొద్దుగూకితే ఎవర్నీ లోపలికి పోనివ్వరు. అక్కడ గూడెంలో ఈదమ్మ బెదిరిపోయి రెండు మందులూ మానేసింది. తెల్లవారేలోగా పిల్లవాడికి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. పొద్దున్నే దీవెనమ్మ మళ్లీ కొండెక్కి సంగతి చెప్పింది కాబట్టి అక్కడితో ఆగింది. ఈదమ్మ మాత్రం ఇక ఆ పెట్టె ముందు కూర్చోనని తెగేసి చెప్పింది.

దీవెనమ్మ ఇదంతా ఆత్మకూరులో షెడ్డు ముందు నిలబడి చెబుతుంటే చెన్నకేశవులు నేల చూస్తూ విన్నాడు. ఆమె అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కొంత నయంగా ఉండేదని అతనికి తర్వాత అనిపించింది.

ఆ షెడ్డు దోర్నాల రోడ్డులో ఉంది. మస్తాన్‌వలి ఉస్తాదుది. లారీలకీ ట్రాక్టర్లకీ కరెంటు పని చేసే షెడ్డు. చెన్నకేశవులు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగి, చివరికి ఉస్తాదు దగ్గర చేరాడు. ఆరేళ్లయింది. పని బాగా పట్టుబడింది. దాంతోపాటే, తను మిగతా మెకానిక్కుల లాంటివాడు కాదని, చదువుకున్నవాడినని ఒక మూల కాస్త గర్వం కూడా పట్టుబడింది. ఉపగ్రహం పని వచ్చినప్పుడు ఉస్తాదుని అడగకుండానే ఒప్పుకున్నాడు. లారీ హారన్లు చూసుకునే ఈయనకి ఇందులో ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. పైకి అనలేదు, అంతే.

ఉస్తాదుకి అరవై ఎనిమిదేళ్లు. పాఠం చెప్పడం ఆయనకి చేతకాదో, ఇష్టం లేదో, ఈ ఆరేళ్లలో చెన్నకేశవులు తేల్చుకోలేకపోయాడు. తప్పు చేస్తే తిట్టడు. ఆ పని తన చేత్తో మళ్లీ ఒకసారి నెమ్మదిగా చేసి, స్పానరు తుడిచి పక్కన పెడతాడు. చూసినవాడికి చూసినంత. గురువారం, ఆయన మాటల్లో జుమ్మేరాత్, షెడ్డు తెరవడు. ఊరి చివరి గుట్ట మీద ఆయన పీరుగారి దర్గా ఉంది. పొద్దున్నే వెళ్లి వాకిలి ఊడ్చి, ఊదొత్తులు వెలిగించి, పొద్దు వాలేదాకా అక్కడే ఉంటాడు. ముప్పై ఏళ్లలో ఆ నేమం తప్పింది లేదంటారు.

చెన్నకేశవులు పట్టువదలకుండా కూర్చున్నాడు. వ్యాను షెడ్డు ముందు పెట్టి, టాపు మీద పలక పెట్టి, పొద్దున ఏడింటికి నెట్టు మొదలుపెడితే సాయంత్రం ఐదింటికి కూడా నడుస్తూనే ఉంది. పలక ఎంత తాగుతుందో, బ్యాటరీలో ఎంత ఉందో నోటుబుక్కులో వేసి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. మరి ఇక్కడ పది గంటలు నడిచేది గూడెంలో గంటకే ఎందుకు చచ్చిపోతోంది? రెండో బ్యాటరీ తగిలించి పంపాడు. గంటన్నర నడిచి ఆగింది. వోల్టేజీని పలకకి కావలసినంత పెంచే చిన్న బూస్టరు ఉంటుంది, దాన్ని మార్చాడు. అదే కథ. చివరికి తనే గూడేనికి వెళ్లి, పలకని విప్పేసి, వైరు అవతలి కొసన మీటరు పెట్టి మరీ చూశాడు. నిండుగా ఉంది. ఇక తప్పంతా పలకదేనని, తయారుచేసినవాడిని నాలుగు తిట్టుకుని తిరిగొచ్చాడు.

ఉస్తాదు టీ తాగుతూ ఇదంతా విన్నాడు.

"కొలిచినావా?" అన్నాడు.

"కొలిచినా ఉస్తాదు. బ్యాటరీ కాడ కొలిచినా, వైరు కొన కాడ గూడా కొలిచినా. యాడ చూసినా పన్నెండున్నర. చుక్క తగ్గలా."

ఉస్తాదు తలూపాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. "ఈ జుమ్మేరాత్ నేనూ వస్తా" అన్నాడు.

చెన్నకేశవులు దర్గా మాట గుర్తుచేద్దామనుకుని, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి వ్యాను గూడెం చేరింది. చెన్నకేశవులు ప్రతి వారం జరిగినట్టే ఏర్పాట్లు మొదలుపెట్టాడు. వ్యానుని పెద్ద మద్దిచెట్టు నీడలో ఆపించాడు. మందులు ఎండకి పాడవుతాయి, వచ్చిన జనం కూర్చోవడానికీ నీడ కావాలి. కానీ పలకకి చెట్లు పనికిరావు, దానికి నెత్తిన ఆకాశం కావాలి. అందుకని పలకనీ బూస్టరునీ అవతల బయల్లో పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరు లాగాడు. కొన్నది ముప్పై మీటర్ల చుట్ట. కావలసింది పది మీటర్లు. మిగిలిన దాన్ని తెంపకుండా అలాగే చుట్టచుట్టి వ్యాను కింద పెట్టాడు. రేపెప్పుడైనా ఇంకా దూరం లాగాల్సి వస్తే అక్కరకొస్తుందని అతని జాగ్రత్త.

ఉస్తాదు ఆ చుట్ట వైపు ఒకసారి చూశాడు. తర్వాత వెళ్లి చెట్టు మొదట్లో కూర్చున్నాడు.

జనం అంతంతమాత్రంగా వచ్చారు. ఒక ముసలాయన దగ్గు చూపించుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు పిల్లల గజ్జి చూపించుకున్నారు. మునుపు వ్యాను చప్పుడుకే చుట్టూ మూగేవాళ్లని, ఇప్పుడు పిలిస్తే తప్ప రావడం లేదని దీవెనమ్మ చెప్పింది. చెన్నకేశవులు విననట్టు బూస్టరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

గంట కాలేదు, బూస్టరు మీది పచ్చదీపం కొట్టుకోసాగింది. చెన్నకేశవులు మీటరు పట్టుకుని బ్యాటరీ దగ్గరికి పరుగెత్తాడు.

"చూడండి ఉస్తాదు, పన్నెండు పాయింటు మూడు. బ్యాటరీ సగం గూడా వాడలేదు. ఇంక నా తప్పేముంది దీంట్లో?"

ఉస్తాదు మీటరు చూడలేదు. లేచి వచ్చి, శిష్యుడి చెయ్యి పట్టుకుని కిందికి లాగి, వ్యాను కింద ఉన్న వైరు చుట్ట మీద పెట్టాడు. పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి అలాగే ఉంచాడు.

చుట్ట వెచ్చగా ఉంది. సగం తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు ఎంత వెచ్చగా ఉంటుందో, అంత.

చెన్నకేశవులు చెయ్యి విడిపించుకుని పలక దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి పలకని విప్పలేదు. అది పనిచేస్తుండగానే వైరు కొసన మీటరు ముళ్లు ఆనించాడు. తొమ్మిది మీద చిల్లర. చూస్తుండగానే తొమ్మిది. బూస్టరు దీపం ఆరిపోయింది.

పెద్ద రహస్యమేమీ లేదు అందులో. వైరు సన్నది, పొడుగ్గా ఉంది. బ్యాటరీ పంపిన దాంట్లో పావు వంతు దారిలోనే వైరుని వేడి చేసి పోతోంది. పలకని విప్పేసి కొలిచినప్పుడు వైరు ఏ బరువూ మోయడం లేదు, అందుకే నిండుగా చూపించింది. షెడ్డులోనేమో వైరు పొడుగు రెండు బారలే. పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే చెన్నకేశవులు పదికి పది తెచ్చుకున్నాడు. బొమ్మ గీసి, సూత్రం రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. ఆ పది మార్కులూ ఇప్పుడు చెంప మీద పడినట్టయింది.

అయినా తప్పు దొరికినందుకు ప్రాణం తేలికపడింది. మనిషి గుణం అంతే కదా, తేలికపడిన ప్రాణం ఊరికే ఉండదు. దీవెనమ్మ దగ్గరికి వెళ్లి, వోల్టేజీ ఎలా పడిపోతుందో, ఎంత మందం వైరుకి ఎంత నష్టమో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతేనని, ఊర్లో లావు వైరు దొరుకుతుందని, వచ్చే గురువారానికి వేసేస్తే రోజంతా నడుస్తుందని చెప్పాడు. అతని గొంతు పాత హుషారులో పడిపోయింది.

దీవెనమ్మ ఓపిగ్గా విన్నది. "సరే కేశవులూ" అంది. తర్వాత తన సంగతి చెప్పింది. ఈదమ్మ ఈ రోజూ రాలేదు. పొద్దున ఇంటికి వెళ్లి పిలిచినా రాలేదు. పిల్లవాడికి ఆదివారం మళ్లీ మూర్ఛ వచ్చిందట, ఈసారి చాలాసేపు తెలివి రాలేదట. డాక్టరమ్మ వాణ్ని కళ్లారా చూడాలంటోంది, నడిపించి చూడాలంటోంది. ఆమె తెర దగ్గర ఉండేది ఒంటిగంట వరకే.

"వచ్చే వారం ఆగిపోదు సిస్టర్. నాది పూచీ. ఆమెకి ఆ మాట చెప్పండి" అన్నాడు చెన్నకేశవులు.

వెనక ఏదో ఇనుప చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. ఉస్తాదు బ్యాటరీ బిగింపులు విప్పుతున్నాడు. విప్పి, తువ్వాలు భుజం మీద మడతపెట్టుకుని, ముప్పై కిలోల బ్యాటరీని ఒక్క ఊపున ఎత్తి దాని మీద పెట్టుకున్నాడు. దీవెనమ్మ వైపు చూసి, "ఆ అమ్మ ఇల్లు యాడమ్మా?" అన్నాడు.

"వాగు దాటి, చివరాకరి గుడిసె. పావు మైలు ఉంటాది, పెద్దాయనా."

ఉస్తాదు నడక సాగించాడు. పది అడుగులు వేసేసరికే మెడ నరాలు పొంగాయి, కాలు ఒకసారి తడబడింది. చెన్నకేశవులు గుడ్లప్పగించి చూస్తున్నవాడల్లా అప్పుడు తెలివి తెచ్చుకుని పరుగెత్తాడు. బ్యాటరీని తన భుజానికి మార్చుకున్నాడు. ఉస్తాదు వెనక్కి వెళ్లి పలకనీ బూస్టరునీ చంకన పెట్టుకున్నాడు. దీవెనమ్మ తెర పట్టుకుంది.

వాగులో నీళ్లు లేవు, గుండ్రాళ్లున్నాయి. రాళ్ల మీద బరువుతో నడవడం అలవాటు లేని చెన్నకేశవులు రెండుసార్లు ఆగాడు. భుజం మీద బ్యాటరీ అంచు ఒరుసుకుని మండింది. ఈదమ్మ బిడ్డని ఎత్తుకుని ఈ దారినే వ్యాను దగ్గరికి వచ్చిందని, తెర నల్లబడ్డాక ఈ దారినే తిరిగి వెళ్లిందని అప్పుడు తోచింది అతనికి. ఇన్నాళ్లూ ఆమె ఇల్లు ఎక్కడో అతను అడగనేలేదు. సిగ్గేసింది.

ఈదమ్మ గుడిసె ముందు నిలబడి ఉంది. వాళ్లనీ వాళ్ల మోతనీ చూసి ముఖం ముడుచుకుంది.

"నేను రానంటి గదా సిస్టరమ్మా. ఇంటి మీదికే తెచ్చినారా దీన్ని?"

"నువ్వేం రావొద్దులేమ్మా" అన్నాడు ఉస్తాదు. "ఎండకి వచ్చినాం. మంచినీళ్లుంటే ఇయ్యి."

నీళ్లడిగిన మనిషిని ఎవరు పొమ్మంటారు? ఆమె లోపలికి వెళ్లి సొరబుర్రతో నీళ్లు తెచ్చింది. ఉస్తాదు కూర్చుని తాగాడు. తర్వాత జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు. వచ్చేటప్పుడు వైరు చుట్టని కూడా పట్టుకొచ్చాడని చెన్నకేశవులు అప్పుడు గమనించాడు. చుట్ట మొత్తం ఆయన మోచేతికి వేలాడుతోంది. ఉస్తాదు దానిలోంచి మూరెడు కొలిచి కచక్కున తెంపాడు. జాగ్రత్తపరుడైన చెన్నకేశవులు గుండె కలుక్కుమంది. ఉస్తాదు రెండు కొసలూ పంటితో ఒలిచి, ఆ ముక్క శిష్యుడి చేతిలో పెట్టి, చుట్టని గడ్డిలో పడేశాడు.

చెన్నకేశవులు బ్యాటరీని పలక పక్కనే పెట్టాడు. మూరెడు వైరుతో బూస్టరుకి కలిపాడు. పచ్చదీపం వెలిగింది. పలక ఆకాశాన్ని వెతుక్కోవడానికి కొంతసేపు పడుతుంది. ఆ కొంతసేపూ అతను మామూలుగా అయితే పక్కవాళ్లకి ఉపగ్రహాల గురించి చెబుతూ ఉండేవాడు. ఈసారి లేచి ఈదమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె గడప దాటి రాలేదు. పిల్లవాడు ఆమె చీర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఆ పొద్దు తప్పు నాది. డాక్టరమ్మది గాదు, ఈ పెట్టెది గాదు. నేను వైరు సరిగ్గా ఎయ్యలేదు" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత కష్టమవుతుందో అనుకున్నాడు గానీ, తీరా నోరు తెరిచాక అది దానంతటదే వచ్చేసింది.

ఈదమ్మ అతని వైపు చూసింది. అతని భుజం మీద చొక్కా చిరిగి, కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. కొడుకుని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంది, తెరకి ఎదురుగా కాదు, కాస్త పక్కగా.

డాక్టరమ్మ కనిపించింది. పిల్లవాడిని నడిపించమంది, వేలు చూపించి కళ్లు తిప్పించింది, ఆదివారం సంగతి మొదటి నుంచీ చెప్పించుకుంది. ఈదమ్మ మొదట ముక్తసరిగా, తర్వాత వివరంగా చెప్పింది. కూర్చున్న చోటు నుంచి ఎప్పుడు జరిగిందో గానీ తెర ఎదుటికి వచ్చేసింది. డాక్టరమ్మ మందు కొంచెం పెంచింది. ఎంతో చెప్పింది, ఎప్పుడెప్పుడో చెప్పింది, మళ్లీ మూర్ఛ వస్తే పక్కకి ఎలా తిప్పి పడుకోబెట్టాలో చేసి చూపించింది.

"ఇంకోపారి చెప్పమ్మా" అంది ఈదమ్మ. డాక్టరమ్మ చెప్పింది.

"ఇంకోపారి."

దీవెనమ్మ చిన్నగా నవ్వింది. మందు మొదటిసారికే అర్థమైందని, ఆమె పరీక్షిస్తున్నది ఇంకోదాన్నని అక్కడున్న అందరికీ తెలుసు. డాక్టరమ్మ విసుక్కోకుండా మూడోసారి కూడా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఈదమ్మ చివరి మాట దాకా విని, ఇంకా కాసేపు తెర వైపే చూసింది.

"ఈపారి తెగిపోలా" అంది, తనలో తను అన్నట్టు.

చెన్నకేశవులు తల వంచుకుని పలక పక్కన కూర్చున్నాడు. వైరు కొసన మీటరు ఆనించి ఉంది. పన్నెండు దగ్గర కదలకుండా నిలబడింది. అది ఎవరికీ చూపించాలనిపించలేదు అతనికి.

ఒంటిగంట దాకా ఆ వాకిలే ఆసుపత్రయింది. ఈదమ్మ పొరుగింటావిడని కేకేసింది, ఆవిడ ఇంకొకర్ని పిలుచుకొచ్చింది. దీవెనమ్మకి నీళ్లు తాగే తీరిక కూడా దొరకలేదు. తిరుగు దారిలో బ్యాటరీని ఈదమ్మ మొగుడు, ఇంకో మనిషి కలిసి కావడి కట్టి మోసుకొచ్చి వ్యాను ఎక్కించారు.

ఘాటు దిగుతున్నంతసేపూ చెన్నకేశవులు ఆలోచిస్తూనే ఉన్నాడు. గురువు ఎదుట ప్రశ్న దాచుకోవడం అతనికి చేతకాదు.

"ఉస్తాదు, తప్పు దొరికిపోయింది గదా. లావు వైరు ఏస్తే సరిపోయేది. వారమే గదా. మీరెందుకు ఎత్తుకున్నారు అంత బరువు, ఈ వయసులో?"

ఉస్తాదు భుజం రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"లావు వైరు ఆత్మకూరులో ఉండాది బేటా" అన్నాడు ఉస్తాదు. "ఆ తల్లి గూడెంలో ఉండాది."